ఊడిపోవలసిన పూత

సాయంత్రం బస్సు అతిథులను ఎక్కించుకొని ఉప్పు ఎడారిలో సూర్యాస్తమయం చూపించడానికి బయలుదేరగానే సుమార్ తన ఇనుప రేకు తీసుకొని గోడ దగ్గరికి వచ్చేవాడు. అప్పటికి ఖేత్‌బాయి చేతులు కడుక్కుంటూ ఉండేది. పొద్దుటి నుంచి ఆమె గోడకు పెట్టిన పూతనంతా అతడు గీకి పారబోయాలి. మర్నాడు ఉదయం ఇంకో బస్సు వస్తుంది. కొత్త అతిథులకు ఖాళీ గోడ కావాలి.

"ఖేత్ బెన్, నీకు నా మీద ఏం పగ?" అన్నాడు సుమార్, రేకు ఆనించి రెండు చేతులా నెడుతూ. పూత కదల్లేదు.

"నీ మీద పగేంటన్నా?"

"మరి ఇదేంటి? కోట గోడలా ఉంది. చెరువు మట్టే కలుపుతున్నావా, సిమెంటేమైనా దాచి తెస్తున్నావా?"

"మా అత్త నేర్పినట్టే కలుపుతున్నా."

"మీ అత్తకి నా సలాములు చెప్పు. కోడలు పెట్టిన పూత గీకలేక సుమార్ చచ్చాడని కూడా చెప్పు."

ఖేత్‌బాయి నవ్వింది. నవ్విందే కాని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆ గోడవైపు చూడకుండా వెళ్లిపోయింది. తాను పొద్దంతా చేసిన దాన్ని మరొకరు గీకుతుంటే చూడటం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

ఆ రిసార్టు బన్నీ గడ్డి మైదానం అంచున ఉంది. చలికాలం నాలుగు నెలలే దాని బతుకు. గుండ్రటి మట్టి ఇళ్లు, లోపల ఏసీలు, మధ్యలో ఒక పందిరి, పందిరి కింద ఈ గోడ. గోడ పైన పలక మీద 'లైవ్ వాల్' అని రాసి ఉంటుంది. అతిథులు వచ్చి ఖేత్‌బాయి పక్కన కూర్చుంటారు. ఆమె మట్టిని వత్తిగా పేని గోడకు అతికిస్తే, వాళ్లు తలా ఒక అద్దం బిళ్ల అందులో గుచ్చుతారు, తడి మట్టి మీద నీలం, గులాబీ రంగులు పూస్తారు, ఫోటో దిగుతారు. ఖేత్‌బాయి ఊళ్లో ఆ పనికి తెల్ల సుద్ద తప్ప మరో రంగు ఎరగరు. అయినా ఆమె రంగుల గురించి ఏమీ అనలేదు. రంగు పైన ఉండేది. కడిగితే పోయేది.

ఖేత్‌బాయి కులమైన మేఘ్‌వాల్ స్త్రీ చేయి తగిలితే కుండలో నీళ్లు పారబోసే ఇళ్లు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్ల గోడలకు తరతరాలుగా పూత పెట్టింది మేఘ్‌వాల్ స్త్రీలే. కుండకు అంటుకునే మైల గోడకు ఎందుకు అంటుకోదో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అంటుతుందని ఒప్పుకుంటే గోడలు ఎవరికి వారే పూసుకోవాలి కాబట్టి. ఇప్పుడు దూరపు నగరాలవాళ్లు వచ్చి అదే చేతిని పట్టుకొని ఫోటోలు దిగుతున్నారు. ఆ గోడకు సాయంత్రం వరకే ఆయుష్షు.

ఆమెకు ఈ పని కావాలి. భర్త కర్సన్ ఉప్పు మళ్లలో కూలికి పోయి నెలకొకసారి వస్తాడు. వానలకు ఇంటి వెనుక భాగం కూలింది. చూపు సరిగా లేని అత్త ధన్‌బాయి ఇంట్లో ఉంది. అంతకంటే పెద్ద చింత మరొకటి ఉంది. ఆ ఏడు వాళ్ల దేవుడు రామాపీర్ గుడి గోడ వంతు వాళ్లింటిది. మేఘ్‌వాల్ వాడలో ప్రతి ఏటా ఒక ఇంటి ఆడవాళ్లు ఆ చిన్న గుడి లోపలి గోడకు కొత్త పూత పెట్టి, అద్దాలు పొదిగి, మాఘ విదియ భజన నాటికి సిద్ధం చేస్తారు. వేరే గుళ్లలో గడప దాటనివ్వని వాళ్లకు ఆ గోడే సింహద్వారం. దాని మీద ఎవరి చేయి ఎలా పడిందో ఏడాది పొడుగునా వాడంతా చూస్తుంది. ధన్‌బాయి తన వంతుల్లో పెట్టిన పూతల గురించి ముసలివాళ్లు ఇంకా మాట్లాడుకుంటారు. ఖేత్‌బాయికి అత్త లేకుండా ఒంటరిగా ఇదే మొదటి వంతు.

ఆ పూతకు ఎండిన చెరువు అడుగున, చౌడు తగలని చోట తవ్విన బంకమట్టి తేవాలి. గాడిద లద్దెను ఎండబెట్టి, దంచి, జల్లించి అందులో కలపాలి. లద్దెలోని సన్నటి పీచే పూతను పట్టి ఉంచుతుంది. నానబెట్టి తొక్కాలి. పూత పెట్టే ముందు గోడను గీతలు పెట్టి తడపాలి. గోడ నీళ్లు తాగి, ఇక చాలన్నప్పుడు మొదటి పొర. అది ఆరి, బొటనవేలు నొక్కితే గుంట పడనప్పుడు రెండో పొర. దాని మీద మట్టి వత్తులతో గట్లు, గట్ల మధ్య అద్దాలు, ఆఖరున తెల్ల సుద్ద. ఇందులో ఏ మెట్టూ దాటవేసేది కాదు. ఖేత్‌బాయి రిసార్టులోనూ చేతనైనంత వరకు ఇలాగే చేసింది. రెండో పొరకు ఆరే వ్యవధి అక్కడ లేదు కాబట్టి, మొదటి పొర పలచగా పెట్టి, అదిమి అదిమి గోడకు పట్టించేది. అందుకే సాయంత్రానికి అది సుమార్ రేకుకు లొంగేది కాదు.

ఒకనాడు సుమార్ భుజం పట్టేసింది. రేకు చేతిలోంచి జారింది. అతడు గోడకు వీపు ఆనించి కూలబడ్డాడు. సుమార్ ఒకప్పుడు ఒంటెలు కాసినవాడు. సర్కారు తుమ్మ మేత నేలను మింగేశాక ఒంటెలు అమ్ముకొని ఇక్కడ చేరాడు. పెద్ద మీసం, సన్నటి కాళ్లు.

"ఏమైందన్నా?"

"ఏం కాలా. మీ అత్తకి చెప్పు, గెలిచిందని."

మర్నాడు అతడు కుడిచేతిని మెడకు కట్టుకొని ఎడమ చేత్తో గీకాడు. చీకటి పడేదాకా గీకాడు. అతిథులు తిరిగి వచ్చేసరికి గోడ సగం మిగిలి ఉంది. మేనేజరు హర్షద్ ఖేత్‌బాయిని పిలిచాడు. అతడు చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, అందరినీ 'బెన్', 'భాయ్' అని తోబుట్టువుల్లా పిలుస్తాడు.

"బెన్, మీ పని అద్భుతం. అందులో సందేహం లేదు. కానీ మనకి అంత అద్భుతం అక్కర్లేదు."

"అర్థం కాలేదు భాయ్."

"ఊడిపోవాలి. అంతే. లద్దె మానేయండి, ఇసుక పోయండి. ఎలాగూ సాయంత్రం తీసేసేదేగా."

"ఊడిపోయే పూత పెట్టడం నాకెవరూ నేర్పలేదు."

హర్షద్ నవ్వాడు. "చెడగొట్టడానికి కోచింగ్ కావాలా బెన్? సుమార్ భుజం చూశారుగా. ముసలోడు. మీ మట్టి వల్లే. రేపు అతన్ని తీసేసి వేరే వాణ్ణి పెట్టాల్సొస్తే నాకూ బాధే."

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గోడ రిసార్టుది. ప్రతి సాయంత్రం దాన్ని ఖాళీ చేయాలన్న నియమం రిసార్టుది. గీకడానికి ఒక్క మనిషినే పెట్టాలన్న లెక్కా రిసార్టుదే. సుమార్ భుజానికి మాత్రం ఖేత్‌బాయి జవాబుదారీ. ఎవరి నిర్ణయం వల్ల గాయం అయిందో వారిని వదిలి, పక్కన నిలబడి పని చేస్తున్న మనిషిని దోషిగా నిలబెట్టే ఈ వాదం చాలా పాతది. మెత్తగా చెబితే దాని పదును ఇంకా బాగా దిగుతుంది. ఖేత్‌బాయికి సుమార్ మెడకు కట్టిన గుడ్డ కనిపిస్తూనే ఉంది.

మర్నాడు ఆమె మట్టిలో ఇసుక పోసింది.

మొదట్లో చేయి ఒప్పుకోలేదు. తడపని గోడ మీద మట్టి పెట్టబోతే చేయి దానంతటదే నీళ్ల ముంత వైపు పోయేది. ఆమె దాన్ని వెనక్కి లాక్కునేది. గట్టిగా అదమబోయి ఆగేది. పొర ఆరకముందే ఇంకో పొర పులిమేది. కొన్నాళ్లకు చేయి నీళ్ల ముంతను మరిచిపోయింది. సాయంత్రం సుమార్ రేకు ఎత్తనక్కర లేకుండా అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే పూత పెళ్లలు పెళ్లలుగా రాలేది.

"అల్లా నీ చేతిని చల్లగా చూడాలి బెన్," అన్నాడు అతడు మొదటిరోజు. "ఇదీ పనంటే. ఊదితే పోయింది."

"అవునన్నా. ఊదితే పోయింది."

అతిథులకు ఏ తేడా తెలియలేదు. అది ఆమెను అన్నిటికంటే ఎక్కువగా అలసిపోయేలా చేసింది. ఒక నగరపు స్త్రీ గోడ మీద చేయి వేసి, "ఎంత సహజంగా ఉంది! ఇందులో నిజాయితీ ఉంది," అంది పక్కనున్న భర్తతో. రంగులు పూసింది, ఫోటో దిగింది. పక్క దుకాణంలో చెక్క మీద డబ్బా పేస్టుతో గట్లు పెట్టి అద్దాలు అతికించిన పలకలను అదే స్త్రీ చూసి, "ఇవి నకిలీవి," అని ముఖం తిప్పుకుంది. ఖేత్‌బాయికి నవ్వు రాలేదు. కోపం రావడానికి కావలసినంత ఓపిక లేదు. బస్సు వెళ్లింది, పూత రాలింది, ఆమె ఇంటికి నడిచింది. మర్నాడూ అంతే.

విదియ దగ్గర పడింది. ఉదయాలు గుడికి ఇచ్చి, ఎండ ఎక్కాక రిసార్టుకు పోవడానికి హర్షద్‌ను ఒప్పించుకుంది. గుడి మట్టిలో ఆమె ఏ లోపమూ రానివ్వలేదు. చెరువు అడుగు మట్టి, జల్లించిన లద్దె, రాత్రంతా నానబెట్టడం, అన్నీ నియమం ప్రకారమే. తోడికోడలు లాఛు మట్టి ముద్దలు అందించింది. లాఛు నోరు ఊరుకోదు.

"అబ్బ, రిసార్టు చెయ్యంటే ఇదేనా అక్కా! మా అమ్మ ఒక్కో పొరకీ పూటలు పూటలు తీసుకునేది. నువ్వు ఇడ్లీలు వేసినట్టు వేసేస్తున్నావు."

"నోరు మూసుకుని ముద్దలందించు."

"మూసుకుంటే నీకు నిద్దరొస్తుంది. నీ కళ్లు చూడు ఎలా ఉన్నాయో. అక్కా, సీజను అయిపోయాక నన్నూ తీసుకెళ్లు ఆ రిసార్టుకి. మీసాల సుమార్‌తో నీకు పొద్దుపోతోందటగా?"

"సీజను అయిపోయాక అక్కడ కుక్కలే ఉంటాయి. వాటితో నీకు పొద్దుపోతుంది."

రెండో పొర పడింది. గట్లు లేచాయి. అద్దాలు గుచ్చారు. సుద్ద పూశారు. గుమ్మంలో నిలబడి చూస్తే గోడ మిలమిలలాడింది. వాడలో ఆడవాళ్లు వచ్చి, "పర్లేదు, అత్త పేరు నిలబెట్టింది," అనుకుంటూ పోయారు.

మర్నాడు ఉదయం లాఛు ధన్‌బాయిని చేయి పట్టుకొని తీసుకొచ్చింది. ముసలామె కళ్లకు పొర కమ్మి చాలాకాలమైంది. ఆమె గోడ దగ్గరికి వచ్చి, ముందు వాసన చూసింది. వేళ్లతో గట్లు తడిమింది. తరువాత వేలి కణుపులతో గోడను అక్కడక్కడ కొట్టింది. మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ కొట్టింది. ఖేత్‌బాయికి ఆ చప్పుడు తెలుసు. గోడకు అంటని పూత లోపల చేసే డొల్ల చప్పుడు అది.

"మట్టి మంచిదే," అంది ధన్‌బాయి. "ఎవరు పెట్టారు పూత?"

"నేనే అత్తా."

"లాఛు కాదా?"

"నేనా అత్తా!" అంది లాఛు. "నేను ముద్దలిచ్చానంతే. తప్పంటే నా పేరే గుర్తొస్తుందా నీకు?"

ధన్‌బాయి ఖేత్‌బాయి వైపు తిరిగింది. "గోడ తడిపావా?"

ఖేత్‌బాయి నోరు తెరిచింది. తడిపాను అనబోయింది. ఎప్పుడు తడిపిందో గుర్తు రాలేదు. నీళ్ల ముంత ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. గుమ్మం పక్కన ముంత ఉంది. నిండుగా ఉంది.

"ఎంత అదిమావు?" అంది ధన్‌బాయి, కోడలి చేయి అందుకొని. "ఈ మణికట్టుతో అదిమావా, వేలికొసల్తోనా?"

"తెలియదత్తా."

"తెలియదా?"

"నా చెయ్యి ఏం చేస్తోందో నాకు తెలియలా. రోజంతా అక్కడ ఊడిపోయేట్టు పెడతా కదా. ఇక్కడా అలాగే పెట్టినట్టుంది."

లాఛు గొంతు తగ్గించింది. "అత్తా, పైనుంచి చూస్తే ఏమైనా తెలుస్తోందా? బాగానే ఉంది కదా. విదియ దాటితే చాలు. తర్వాత రాలితే ఎండ అనో, వాన అనో అంటాం. ఎవరు కొట్టి చూస్తారు? నువ్వు తప్ప ఈ వాడలో ఎవరికీ ఆ చెవి లేదు."

ఆ మాట నిజం. ఆ నిజమే ఖేత్‌బాయి గుండెలో మట్టిముద్దలా కూర్చుంది. ఎవరికీ తెలియదు. రిసార్టులో అతిథులకు తెలియదు, ఇక్కడ వాడవాళ్లకు తెలియదు. పూత డొల్ల అని తనకు కూడా ఇప్పటిదాకా తెలియలేదు. చెడగొట్టిన మట్టి అయితే పారబోసి వేరేది కలపవచ్చు. చెడిన చేతిని ఏ చెరువు అడుగున తవ్వి తెచ్చుకోవాలి? ఆమె గుడి గడప మీద కూర్చుంది. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. అది లేదు.

కాసేపటికి లేచి, గోడ మధ్యలో గోళ్లు దించి లాగింది. పూత అద్దాలతో సహా రొట్టె పొరలా లేచి వచ్చింది.

"అయ్యో, అక్కా!" అంది లాఛు.

"మట్టి పారెయ్యకు. నీళ్లు పోసి నానెయ్. అద్దాలు కడిగి పెట్టు."

"విదియకి ఇంకెన్ని రోజులున్నాయో తెలుసా?"

"తెలుసు."

అప్పటికే ఎండ ఎక్కింది. ఆమె గోళ్లలో మట్టితోనే రిసార్టుకు నడిచింది. హర్షద్ పందిరి కింద ఫోనులో మాట్లాడుతున్నాడు. సుమార్ నీడలో కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. ఆమె హర్షద్ ఫోను పెట్టేదాకా నిలబడింది.

"భాయ్, నేను ఇక ఈ పూత పెట్టను. నా చెయ్యి చెడిపోతోంది."

హర్షద్ ముఖం వాడింది. "సీజను మధ్యలోనా? బెన్, మాటంటే మాటే కదా."

"పని మానను. గీకుతా. సాయంత్రం గోడ నేను గీకుతా. పొద్దున పూత సుమార్ అన్న పెడతాడు."

సుమార్ బీడీ నోట్లోంచి తీశాడు. "ఎవరు? నేనా? నేను ఒంటెల బొచ్చు కత్తిరించినోణ్ణి తల్లీ. మట్టి ముట్టుకుంటే మా ఆడది నవ్వుతుంది."

"ఇసుక మట్టి పులమడానికి ఏం రావాలన్నా? కూర్చుని చేసే పని. భుజం ఎత్తక్కర్లేదు."

"నా చెయ్యి చెడదా మరి?" అన్నాడు సుమార్ మీసం కింద నవ్వుతూ. "ఓ, నాకు ఆ చెయ్యే లేదు కదూ. లేనిది ఏం చెడుతుందిలే."

హర్షద్ తల అడ్డంగా ఊపాడు. "అతిథులు ఆడవాళ్ల కళ అని వస్తారు బెన్. పలక మీద అలాగే రాశాం." తరువాత సుమార్ వైపు చూశాడు. ఆ మీసాన్ని, తలపాగాను, ఎండకు నల్లబడ్డ ముఖాన్ని ఫోటోలో ఊహించుకున్నట్టు కాస్త ఆలోచించాడు. "సరే, పలక మారుద్దాం. కానీ గీకే పనికి గీకే కూలే ఇస్తా. అది తక్కువ, మీకు తెలుసు. ఎందుకు బెన్ ఇదంతా? రేకు పట్టుకుంటే చేతులు కాయలు కాస్తాయి."

"కాస్తాయి భాయ్. గీకితే చెయ్యి నొప్పెడుతుంది. నొప్పి తగ్గుతుంది. ఇది అలాంటిది కాదు."

హర్షద్‌కు అది అర్థం కాలేదు. ఆమె అర్థం చేయించే ప్రయత్నం చేయలేదు. న్యాయం అడగవలసింది అతణ్ణే అయినా, ఆ రోజు ఆమెకు కావలసింది న్యాయం కాదు, చెడగొట్టే పని నుంచి తన చేతికి విడుదల. అది దొరికింది. దొరికినదానికి తక్కువ కూలి రూపంలో వెల కూడా ఆమే చెల్లించింది. కూల్చే పనికి తక్కువ, చెడగొట్టే పనికి ఎక్కువ అన్న ఆ రేటును ఎవరు నిర్ణయించారో, ఎందుకు నిర్ణయించారో అడిగే రోజు వేరే ఉంది.

ఆ మరుసటి రోజు నుంచి సుమార్ అద్దం అంచుల తలపాగా పెట్టుకొని గోడ ముందు కూర్చున్నాడు. మట్టిని ఒంటె మెడలా వంకరగా పులిమాడు. అతిథులు చప్పట్లు కొట్టారు. ఎడారి తాత అని పేరు పెట్టారు.

ఉదయాలు గుడిలో ఖేత్‌బాయి చేతిని కొత్తగా నేర్చుకునేదానిలా వాడింది. ప్రతి పనినీ నోటితో చెప్పుకుంటూ చేసింది. గీతలు. నీళ్లు. మళ్లీ నీళ్లు. ఆగు. ముద్ద. మణికట్టు. పక్కన లాఛు, "చిన్నపిల్లకి అక్షరాలు దిద్దిస్తున్నట్టుంది," అని వెక్కిరించి, ఆ తరువాత తానూ అవే మాటలు పలకడం మొదలుపెట్టింది. గోడలో మూడోవంతు పెట్టి, బాగా లేదని తీసేసి, మళ్లీ పెట్టింది. అలా విదియ వచ్చేసరికి గోడ నిండా పడింది ఒక్క మొదటి పొరే. గట్టు లేదు, అద్దం లేదు, సుద్ద లేదు. తడి బూడిద రంగులో ఏమీ లేని గోడ.

భజనకు వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో ఆగిపోయారు. కర్సన్ ఉప్పు మళ్ల నుంచి వచ్చి, గోడను చూసి, గుడి బయట చాప పరుస్తూ ఉండిపోయాడు. పక్క ఇంటి పూరీబాయి మాత్రం ఊరుకోలేదు.

"ఇదేం గోడ ఖేత్‌బాయీ? రామాపీర్‌కి ఒక్క అద్దం ముక్క కూడా నోచుకోలేదా?"

"ఆరాలి."

"మొన్న మెరుస్తా కనిపించిందే! అదేమైంది?"

"తీసేశా."

"బాగుందమ్మా. రిసార్టులో రోజుకో గోడ లేపుతావంటారు. మన దేవుడికి మాత్రం తీరిక లేదు."

ఖేత్‌బాయి జవాబు చెప్పబోయింది. ధన్‌బాయి అడ్డుపడింది.

"పూరీ, నీ వంతు ఏడు నువ్వు పెట్టిన పూత హోళీకి ముందే రాలింది. నేను నోరెత్తానా? అద్దాలు ఏరి నా కొంగున కట్టుకుని నీ ఇంటికి తెచ్చిచ్చా. ఇది రాలదు. అద్దాలు వచ్చే నెల పెడుతుంది. అప్పుడొచ్చి నీ మొహం చూసుకో."

ఆడవాళ్లు నవ్వారు. పూరీబాయి కూడా, కాస్త ఆలస్యంగా. ఎవరో డోలక్ తీసి తాడు బిగించారు.

ఖేత్‌బాయి అరచేతిని గోడకు ఆనించింది. పొర చల్లగా ఉంది, లోపల ఇంకా చెమ్మ ఉంది. రెండో పొరకు సమయం కాలేదు. ఎప్పుడవుతుందో ఈసారి చేతికి తెలుసునని ఆమెకు పూర్తి నమ్మకం లేదు. బొటనవేలు నొక్కి చూస్తేనే తెలుస్తుంది, రేపు, ఎల్లుండి, ఆ మర్నాడు.

"కూచో అక్కా, మొదలుపెడుతున్నారు," అంది లాఛు.

"బస్సు బయలుదేరే వేళయింది. గోడ గీకి వస్తా," అని ఆమె చెప్పులు తొడుక్కుంది. ఒళ్లంతా నొప్పిగా ఉంది. దారి పొడుగునా సర్కారు తుమ్మ, దాని వెనక తెల్లగా ఉప్పు. వెనుక మొదటి భజన అందుకున్నారు. ఆమె అడుగు వేగం పెంచలేదు, తగ్గించలేదు.